జ్యూరీ తీర్పులో తీర్పు ఎంత?

చీకటి గదిలో ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు. తెర మీదికి ఒక ఫొటో వస్తుంది, కొన్ని సెకన్లు నిలుస్తుంది. ముగ్గురూ చేతిలోని మీట నొక్కి మార్కులు వేస్తారు. అది పోయి మరొకటి వస్తుంది. అంతర్జాతీయ ఫొటో సలాన్లలో చాలావాటి తంతు ఇదే. ఇప్పుడైతే జడ్జీలు ఎవరింట్లో వాళ్లు కంప్యూటరు ముందు కూర్చుని మార్కులు వేసే సలాన్లూ పెరిగాయి. చూడాల్సిన ఫొటోలు వేలల్లో ఉంటాయి కాబట్టి ఒక్కోదానికి ఇంతకన్నా తీరిక దొరకదు. ముగ్గురి మార్కులూ కూడి, ఫొటోలను పైనుంచి కిందికి పేర్చి, ఒకచోట గీత గీస్తారు. గీతకు పైనున్నవాటికి ‘యాక్సెప్టెన్స్’ వచ్చినట్టు, కిందివాటికి రానట్టు. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఐదు మార్కులకు వేస్తున్నారనుకుందాం. ఒక ఫొటోకు ఇద్దరు జడ్జీలు ఐదేసి వేసి మూడో జడ్జి ఒకటే వేస్తే మొత్తం 11. మరో ఫొటోకు ముగ్గురూ నాలుగేసి వేస్తే 12. గీత 12 దగ్గర పడిందంటే, ఇద్దరిని కట్టిపడేసిన ఫొటో బయటికి పోతుంది. ఎవరినీ అంతగా కదిలించకపోయినా ఎవరికీ అభ్యంతరం లేని ఫొటో గోడెక్కుతుంది. ఇందులో పక్షపాతం లేదు, కుట్ర లేదు, ఉన్నదల్లా కూడిక. అయినా ఫలితం మెయిల్లో చూసుకున్న ఫొటోగ్రాఫరు దాన్ని తన పనితనం మీద తీర్పుగానే చదువుకుంటారు. జ్యూరీ ఎంపికను ఫొటో విలువకు కొలబద్దగా తీసుకోవడమే పొరపాటని నా వాదన. ఈ గోడ మీద, ఈ నిబంధనల్లో, ఈ కొద్దిమంది కళ్లకు ఇది సరిపోయిందా అన్న చిన్న ప్రశ్నకు జ్యూరీ జవాబిస్తుంది. ఆ సంగతి పట్టుకున్నవాళ్లు ఫొటోలు పంపే పద్ధతే వేరుగా ఉంటుంది.

మన దగ్గర జ్యూరీ ప్రదర్శన అనగానే గుర్తొచ్చేది ఈ సలానే. 1934లో పుట్టిన ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, 1950లో యూరప్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ఫొటో సమాఖ్య ఫియాప్, మన దేశంలో 1953 నుంచి ఉన్న ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ లాంటి సంస్థల గుర్తింపుతో క్లబ్బులు వీటిని నడుపుతాయి. విభాగానికి నాలుగు ఫొటోల దాకా పంపడం మామూలు రివాజు. యాక్సెప్టెన్సులు పోగుచేసుకుంటే పేరు పక్కన ఏఫియాప్, ఈఫియాప్ లాంటి బిరుదులు చేరతాయి. ఎన్ని యాక్సెప్టెన్సులు, ఎన్ని వేరువేరు ఫొటోలు, ఎన్ని దేశాలు అని వాటికో లెక్క ఉంటుంది. ఫైన్ ఆర్ట్ గ్యాలరీల లోకం వేరు. అక్కడ మీటలు నొక్కరు. ఒక గ్యాలరీ ఒక అంశం ప్రకటిస్తుంది, ఒక క్యూరేటర్‌నో పత్రిక ఎడిటర్‌నో పేరున్న ఫొటోగ్రాఫర్‌నో జ్యూరరుగా పిలుస్తుంది. వచ్చిన వాటిలోంచి ఒక గది నింపడం ఆ ఒక్కరి పని. పదకొండు మార్కుల ఫొటోకు బతుకు దొరికేది ఇలాంటి చోటే, ఎందుకంటే ఇక్కడ మూడో జడ్జి లేరు. కానీ గది నింపడమంటే మంచివన్నీ ఏరడం కాదు. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1955లో ఎడ్వర్డ్ స్టైకెన్ నిలబెట్టిన ‘ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ ప్రదర్శన సంగతే చూడండి. దాదాపు 20 లక్షల ఫొటోలు పరిశీలనకు వస్తే చివరికి మిగిలినవి 503. అవి 68 దేశాలవి, 273 మంది తీసినవి. పుట్టుక, ప్రేమ, పని, చావు అంటూ సాగే ఒక కథకు అతికేవాటినే ఆయన తీసుకున్నారు. పక్కన పెట్టిన లక్షల్లో ఎన్నో గొప్పవి ఉండి ఉండాలి. రెండు ప్రసవ దృశ్యాలు వరసగా వస్తే మూడోది ఎంత బాగున్నా గోడ మీద దానికి చోటుండదు. చిన్న గ్యాలరీలో నలభై ఫొటోలు వేలాడదీసే జ్యూరరుకూ ఇదే ఇబ్బంది. తిరస్కరణ ఉత్తరంలో ఈ కారణం ఎవరూ రాయరు.

సరిపోవడం సంగతి అలా ఉంచి, జడ్జీల కన్ను ఎంత నిలకడైందో చూద్దాం. ఫొటో జ్యూరీల మీద ఇలాంటి పరీక్షలు అరుదు గానీ, పక్క రంగాల్లో గట్టివి జరిగాయి. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో ద్రాక్షసారా పోటీ జడ్జీలను రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఒకే సీసాలోని సారాను మిగతా గ్లాసుల మధ్య కలిపి మూడుసార్లు ఇచ్చారు, ఆ సంగతి జడ్జీలకు తెలియదు. తాము ఇచ్చిన మార్కును మళ్లీ అదే పతకం స్థాయిలో ఇవ్వగలిగిన జడ్జీలు పదిమందిలో ఒకరే. కంప్యూటర్ శాస్త్రవేత్తలు తమ మీద తామే ఇలాంటి పరీక్ష పెట్టుకున్నారు. 2014లో నిప్స్ అనే పెద్ద సదస్సుకు వచ్చిన పరిశోధన పత్రాల్లో 166ను రెండు వేరువేరు కమిటీలకు ఇచ్చారు. ఒక కమిటీ ఒప్పుకున్న పత్రాల్లో సగానికి పైగా రెండో కమిటీ తిప్పికొట్టింది. చిత్రకళలో ఉదాహరణ కావాలంటే లండన్ రాయల్ అకాడమీ ఉంది. 1769 నుంచి ఏటా ఆగకుండా జరుగుతున్న వాళ్ల వేసవి ప్రదర్శనకు ఎవరైనా పంపుకోవచ్చు, ఫొటోలు కూడా. 2018లో వీధి చిత్రకారుడు బ్యాంక్సీ మారుపేరుతో పంపిన బొమ్మను తిప్పి పంపారు. నెల తర్వాత, ఆ ఏడాది ప్రదర్శన బాధ్యత చూస్తున్న గ్రేసన్ పెర్రీ ఏ సంగతీ తెలియక బ్యాంక్సీనే ఒక బొమ్మ అడిగారు. అదే బొమ్మను కాస్త మార్చి ఆయన పంపారు, అది గోడెక్కింది. పేరు తెలియని బొమ్మకూ పేరున్న బొమ్మకూ ఎంత తేడా ఉందో చూపడానికి బ్యాంక్సీ ఇంతకన్నా చౌకగా మరో ప్రయోగం చేయలేకపోయేవారు.

అయితే ఇదంతా లాటరీయేనా, అనుభవమున్న కంటికి విలువే లేదా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఆ పరీక్షల్లోనే ఉంది. హాడ్జ్‌సన్ పరీక్షలో జడ్జీలు తమకు నచ్చనివాటి విషయంలో, నచ్చినవాటి విషయంలో కన్నా ఎక్కువ నిలకడగా ఉన్నారు. సదస్సు కమిటీలు కూడా బొత్తిగా బలహీనమైన పత్రాల దగ్గర పెద్దగా విభేదించలేదు. విభేదాలు ఎక్కువగా మధ్యనున్న పెద్ద గుంపు దగ్గర వచ్చాయి. ఫొటోలకూ ఇదే వర్తిస్తుందనుకోవడం సమంజసం. నిపుణుల కన్ను తప్పును పట్టడంలో నమ్మకమైంది, రెండు మంచివాటిలో ఏది మేలో తేల్చడంలో అంత కాదు. కాబట్టి ఫొటోగ్రాఫరు చేతిలో ఉన్నది తప్పులకు తావివ్వకపోవడం. ఆకాశం, కొండ కలిసేచోట ఎడిటింగ్‌లో మిగిలిన తెల్లటి అంచు, షార్ప్‌నెస్ మితిమీరి గరుకుగా మారిన చర్మం, సెన్సర్ మీది దుమ్ము మచ్చ, ఫ్రేము మూలలో కన్ను లాగేసే ఒక వెలుతురు తునక: వీటిని ఏ జ్యూరీ వదలదు. నిబంధనల సంగతీ అంతే. ఫియాప్ లెక్కలో మోనోక్రోమ్ ఫొటో మొత్తానికి ఒకే రంగు ఛాయ పూసినా మోనోక్రోమే, కానీ ఒక చోట మాత్రం పూస్తే రంగు ఫొటో అయిపోతుంది. ఎర్ర గులాబీని మాత్రం రంగులో వదిలేసే ముచ్చట ఉన్నవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. నేచర్ విభాగానికి ఫియాప్, అమెరికా సొసైటీ, బ్రిటన్ రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కలిసి ఒకే నిర్వచనం రాసుకున్నాయి. క్రాప్ చేసుకోవచ్చు గానీ, ఫొటోలోంచి దేన్నీ తీసేయకూడదు, చేర్చకూడదు, చోటు మార్చకూడదు. మనిషి ఆనవాళ్లు కనిపించకూడదు; మన కట్టడాల్లో గూడు కట్టే గుడ్లగూబలు, కొంగల్లా అవి ప్రకృతి కథలో భాగమైతే తప్ప. పెంపుడు జంతువులకు అక్కడ చోటు లేదు. కొమ్మ మీద వాలిన పాలపిట్ట ఫొటోలో అడ్డొచ్చిన రెమ్మను చెరిపేసి ఈ విభాగానికి పంపడం గెలుపోటముల మాట అటుంచి నిబంధన మీరడమే. ఇలాంటివి చదవడం విసుగే, కానీ గీత దాకా వెళ్లకుండానే పోయే ఫొటోల్లో చాలావాటి కథ ఇది.

ఇంకాస్త గట్టి అభ్యంతరం వేరే ఉంది. జ్యూరీ అభిరుచి ఇదీ అని తెలిసినప్పుడు దానికి తగ్గట్టే ఫొటో తీస్తే పోలేదా? సలాన్ల మట్టుకు ఇది పనిచేస్తుందని ఒప్పుకోవాలి. పుష్కర్ ఒంటెల మీద సంధ్య వెలుగు, కుమార్‌టులి విగ్రహాల మధ్య పనివాడు, బర్సానా హోలీలో గులాల్ మేఘం, ఎర్ర వస్త్రాల్లో కిటికీ దగ్గర పుస్తకం చదివే బాల భిక్షువు, పొగ వదిలి వెలుతురు చారలు పుట్టించిన గుడిసెలో హుక్కా తాగే ముసలాయన. ఇవి ఏ కేటలాగు తిరగేసినా కనిపిస్తాయి. మన వైపు నుంచి లంబాడా స్త్రీల ముఖాలు, బోనాల పోతరాజులు, గాలిలో గుండ్రంగా విచ్చుకున్న చేపల వల కూడా ఆ వరసలో చేరిపోయాయి. దృశ్యాన్ని ఏర్పాటు చేసి ఇరవైమంది ఫొటోగ్రాఫర్లను నిలబెట్టి తీయించే శిబిరాలు ఉన్నాయి. ఆ ఇరవైమందీ ఆ ఫొటోనే ఆ సలాన్లకే పంపితే జరిగేది ఊహించవచ్చు. సెకన్లలో తేలిపోయే మార్కుల పద్ధతి చూడగానే తెలిసిపోయే దృశ్యాన్నే కోరుకుంటుంది కాబట్టి తప్పు ఫొటోగ్రాఫర్లది మాత్రమే కాదు. ఈ గొడవ ఇవాళ్టిదీ కాదు. లండన్‌లో 1892లో కొందరు ఫొటోగ్రాఫర్లు తమ పాత సంఘం పద్ధతులతో విసిగి లింక్డ్ రింగ్ అనే బృందంగా విడిపోయి, మరుసటేడు పతకాలే లేని సలాన్ పెట్టారు. అమెరికా ఫొటోగ్రాఫరు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు మొదటి గుర్తింపు 1887లో ఒక బ్రిటిష్ పత్రిక పోటీలో వచ్చిన మొదటి బహుమతి. దాన్నిచ్చిన జడ్జి పీటర్ హెన్రీ ఎమర్సన్. ఆ స్టీగ్లిట్జే 1902లో న్యూయార్క్‌లో ఫొటో సెసెషన్ పేరుతో వేరు కుంపటి పెట్టి, ఎవరి ఫొటోలు చూపాలో తానే తేల్చారు. జ్యూరీ మీద తిరగబడ్డ మనిషి తానే జ్యూరీ కావడం ఈ రంగంలో పదేపదే జరిగింది. అందుకే జ్యూరీ రుచికి తగ్గట్టు తీయడంలో నష్టం యాక్సెప్టెన్సులు రాకపోవడం కాదు. రుచి మారిన రోజు చేతిలో అరువు ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. గ్యాలరీ జ్యూరరైతే ఆ దృశ్యాలను అప్పటికే వందసార్లు చూసి ఉంటారు. సలాన్‌లో మార్కులు తెచ్చిన సంగతే అక్కడ అడ్డవుతుంది.

ఫైన్ ఆర్ట్ వైపు పంపేవాళ్లకు అసలైన పని ఎంచుకోవడం దగ్గర ఉంది. అమెరికాలో పోర్ట్‌లాండ్ నుంచి ఫొటోలూసిడా సంస్థ నడిపే ‘క్రిటికల్ మాస్’కు ఒక్కొక్కరూ పది ఫొటోలు పంపాలి. అవి పది విడి విజయాలు కాకుండా ఒకే పనికి చెందినవై ఉండాలి. మొదటి వడపోతలో దాదాపు రెండు వందలమంది మిగులుతారు. వాళ్ల ఫొటోలను క్యూరేటర్లు, ప్రచురణకర్తలు, గ్యాలరీలవాళ్లు చూసి యాభైమందిని తేలుస్తారు. ఇలాంటి చోట బలమైన తొమ్మిది ఫొటోలను అతకని పదోది కిందికి లాగుతుంది. అది ఎంత అందంగా ఉంటే అంత ఎక్కువగా లాగుతుంది, ఎందుకంటే ఈయనకు తన పని ఏమిటో తెలియదన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. కృష్ణా తీరంలో ఇటుక బట్టీల మీద నాలుగేళ్లు ఫొటోలు తీసిన మనిషి అందులో ఒక సూర్యాస్తమయాన్ని కలపాలన్న కోరికను ఆపుకోవాలి. ఫొటోలతో పాటు అడిగే నాలుగు వాక్యాల వివరణా ఇలాంటిదే. వెలుగునీడల సయ్యాట, కాలం ఆగిన క్షణం లాంటి మాటలు ఎవరి ఫొటోల కిందైనా అతుకుతాయి కాబట్టి ఎవరి ఫొటోల గురించీ ఏమీ చెప్పవు. ఎక్కడ తీశారు, ఎవరిని తీశారు, ఎందుకు అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్లారు అన్నది మామూలు మాటల్లో రాస్తే చాలు. నాలుగు వందల ఫొటోల్లోంచి పది తీయడం, ఆ పదీ ఎందుకో రాయడం, వాటిని కాగితం మీద ప్రింటు తీసి తెర మీద కనిపించని నలుపుల్లో ఏం దాగిందో చూడడం: ఈ క్రమంలో ఫొటోగ్రాఫరు తన పని గురించి నేర్చుకునేది జ్యూరీ చెప్పేదాని కన్నా ఎక్కువ. ఫలితం ఏదైనా అది దక్కుతుంది. ఎవరు జ్యూరరో చూసి పంపడం కూడా ఇందులో భాగమే. జ్యూరరు ఇదివరకు ఎంచిన ప్రదర్శనలు, అచ్చు వేసిన పుస్తకాలు చూస్తే ఆ కంటికి ఏది ఆనుతుందో కొంత తెలుస్తుంది. దాన్ని బట్టి తీసే ఫొటోను మార్చుకోవడం వేరు, ఉన్న ఫొటోలను ఎవరికి చూపాలో తేల్చుకోవడం వేరు.

డబ్బు సంగతి దాటవేయకూడదు. ఎంట్రీ ఫీజు తిరిగి రాదు. డాలర్లలో కట్టాల్సి వస్తే మన దగ్గర జీతం మీద బతికే యువ ఫొటోగ్రాఫరుకు ఒక్కో ప్రయత్నమూ బరువే, ఎంపికైతే ప్రింటు, ఫ్రేము, పార్సిలు ఖర్చులు అదనం. ఈ పద్ధతి డబ్బున్నవాళ్ల వైపు మొగ్గుతుందన్న విమర్శకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, అది నిజమే కాబట్టి. పైన చెప్పిన వాదన ఇక్కడ పనికొస్తుంది. మధ్య గుంపులో అదృష్టం పాలు ఎక్కువైతే, ఎక్కువచోట్ల టిక్కెట్టు కొన్నవాడికే యాక్సెప్టెన్సులు ఎక్కువొస్తాయి. అంటే యాక్సెప్టెన్సుల సంఖ్య కొంతవరకు ఫీజుల సంఖ్యే. కాబట్టి తక్కువ పంపాలి, చూసి పంపాలి. ఎవరు చూస్తారో పేరుతో సహా చెప్పారా, ఎంచినవి నిజంగా ఏదైనా గోడ మీద వేలాడతాయా, కేటలాగు వేస్తారా అని ముందే కనుక్కోవాలి. పంపినవాళ్లలో సగంమందికి ‘గౌరవ ప్రస్తావన’ ఇచ్చి ఆపైన పతకానికి వేరే రుసుము అడిగే పోటీలు ఉన్నాయి. వాటి వ్యాపారమే ఆ ఫీజు. హక్కుల షరతును పూర్తిగా చదవాలి. ప్రదర్శనకు, కేటలాగుకు, ప్రచారానికి వాడుకుంటామంటే న్యాయమే. మీ ఫొటో మీద శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఏ అవసరానికైనా హక్కు మాదే అంటే అది ప్రదర్శన కాదు, ఉచితంగా ఫొటోల సేకరణ. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కును రాసివ్వడానికి రాతపూర్వక ఒప్పందం కావాలి. అందులో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే చెబుతుంది. కానీ గడువూ ప్రాంతమూ రాసి ఉన్న షరతుల కింద సంతకం పెట్టాక ఆ రక్షణ ఉండదు.

జ్యూరీ చూడగలిగేది ఎంత తక్కువో ఈ మధ్య వచ్చిన వివాదాలు ఇంకా బాగా చూపాయి. 2023లో సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ పోటీలో ఒక విభాగం బహుమతికి ఎంపికైన బోరిస్ ఎల్డాగ్సెన్, ఆ చిత్రం కృత్రిమ మేధతో చేసిందని చెప్పి బహుమతిని నిరాకరించారు. మరుసటేడు మైల్స్ ఆస్ట్రే దానికి ఎదురు ప్రయోగం చేశారు. తల కనిపించకుండా పొట్ట గోక్కుంటున్న ఫ్లెమింగో పక్షి అసలు ఫొటోను ఒక పోటీలో కృత్రిమ మేధ విభాగానికి పంపితే జ్యూరీ మూడో స్థానం ఇచ్చింది. నిజం బయటపడ్డాక దాన్ని తప్పించారు. ఇంకా వెనక్కి వెళ్తే, 2009లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ బహుమతి గెలిచిన, గేటు మీంచి దూకే తోడేలు ఫొటోకు ఆ బహుమతిని మరుసటి జనవరిలో వెనక్కి తీసుకున్నారు. అది అడవి తోడేలు కాదు, మచ్చికైందయి ఉండాలని జడ్జీలు తేల్చారు. ఫొటోగ్రాఫరు దాన్ని ఒప్పుకోలేదు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ ఒక ఇటలీ ఫొటోగ్రాఫరుకిచ్చిన బహుమతిని రద్దు చేయడానికి ఒక కారణం, ఒక ఫొటో తీసిన ఊరిని తప్పుగా చెప్పడం. కళ్లెదుట ఉన్న ఫొటో బాగుందో లేదో జడ్జీలు చెప్పగలరు. అది ఎలా పుట్టిందన్నది పంపినవాళ్ల మాట మీదే ఆధారపడాలి. అందుకే ఇప్పుడు చాలాచోట్ల కెమెరాలో నమోదైన అసలు ‘రా’ ఫైలు అడుగుతున్నారు. ఎడిట్ చేసిన జేపెగ్ మాత్రం దాచుకుని అసలును చెరిపేసే అలవాటు ఉన్నవాళ్లు, చివరి దశలో అడిగినప్పుడు చూపించలేక నిజాయితీగా తీసిన ఫొటోనే పోగొట్టుకుంటారు.

ఈ తలనొప్పంతా ఎందుకు, ఇన్‌స్టాగ్రామ్‌లో జ్యూరీ లేదు కదా అనేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. 1917లో న్యూయార్క్‌లో ఒక కళాకారుల సంఘం జ్యూరీ లేదు, బహుమతులు లేవు, ఆరు డాలర్లు కట్టిన ఎవరిదైనా పెడతామని ప్రకటించింది. కళాకారుడు మార్సెల్ దుషాంప్ మారుపేరుతో మూత్రశాల తొట్టిని పంపితే దాన్ని పెట్టలేదు. జ్యూరీ లేని చోట కూడా ఎవరో ఒకరు తేలుస్తారు, ఎవరన్నది మాత్రం కనిపించదు. ఫోను తెర మీద ఆ తేల్చే పనిని ఒక గణితసూత్రం చేస్తుంది, దాని పేరు కేటలాగులో ఉండదు, దాని పాత ప్రదర్శనలు చూసే వీలు లేదు. జ్యూరరుకు కనీసం ముఖం ఉంది. హైదరాబాద్ మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ లాంటి చోటికి వెళ్తే ఎంపికైన ప్రింట్లను పక్కపక్కన నిలబడి చూడొచ్చు, ఎంచినవాళ్లు ఏ దారిలో ఆలోచించారో ఊహించవచ్చు. తిరస్కరణ తర్వాత చేయాల్సిన పని కూడా ఇలాంటి చూపుతోనే మొదలవుతుంది. ఏ ఫొటో ఎక్కడికి, ఎవరు జ్యూరీగా ఉన్నప్పుడు పంపారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఒకే ఫొటో నాలుగైదుచోట్ల, వేరువేరు కళ్ల ముందు, ఒక్కసారైనా గీత దగ్గరికి రాకపోతే అందులో ఏదో లోపం ఉందని అనుమానించాలి. ఒక్కచోట పోయిందంటే ఏ అనుమానమూ అక్కర్లేదు. ఒకసారి ఎంపికైన ఫొటోకు పేరు మార్చి కొత్తదిగా మళ్లీ పంపడాన్ని సలాన్ల నిబంధనలు ఒప్పుకోవు. ఎంపిక కాని ఫొటోను అదే పేరుతో వచ్చే నెల మరో సలాన్‌కు పంపడానికి మాత్రం ఏ నిబంధనా అడ్డు రాదు, పాత మార్కులు అడిగే గడి ఏ ఎంట్రీ ఫారంలోనూ ఉండదు.